గర్భిణి ముఖంపై మచ్చలు – సంతలోని తెల్ల క్రీము

ఉద్దానంలో ఒక ఇంటిని దర్శించడానికి మేము వెళ్లాము. ఆ ఇంటి కోడలికి ఆరో నెల. బుగ్గల మీద, నుదుటి మీద గోధుమరంగు మచ్చలు కనిపించాయి. అత్తగారు ఒక చిన్న డబ్బా తెచ్చి, "అయ్యగారూ, పిల్ల ముకం నల్లబడిపోనాది. ఇది రాస్తే వారంలో తెల్లబడతాదంట" అన్నది. డబ్బా మీద తయారుచేసినవారి పేరు లేదు, అందులో ఏమి కలిపారో లేదు. కోడలు తల వంచుకొని కూర్చున్నది. ఆ డబ్బాను గూర్చే ఈ నాలుగు మాటలు వ్రాస్తున్నాము.

ఈ మచ్చలను మంగు అంటారు. గర్భంతో ఉన్నప్పుడు శరీరంలో కలిగే హార్మోనుల మార్పువల్ల ఇవి వస్తాయి, ఎండ తగిలితే ముదురుతాయి. ఇది జబ్బు కాదు. ఆడపిల్ల పుడుతుందనడానికి గుర్తు అంతకన్నా కాదు. కాన్పు తరువాత కొన్ని నెలల్లో చాలామందికి తగ్గిపోతాయి. బయటికి వెళ్తే గొడుగు, తలపై కొంగు ఉంటే చాలు. పొట్ట మీద చారలను ఏ నూనె పూర్తిగా ఆపలేదు గానీ, కొబ్బరినూనె రాస్తే పొడిదనం, దురద తగ్గుతాయి.

వారంలో తెల్లగా చేస్తామనే క్రీములు కొన్నింటిలో పాదరసం ఉంటుంది. అది చర్మం గుండా రక్తంలోకి పోయి మూత్రపిండాలను చెరుపుతుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ హెచ్చరించింది. కడుపులోని శిశువుకూ చేరుతుంది. మరికొన్నింటిలో స్టెరాయిడ్ మందు కలిపి చర్మాన్ని పలుచన చేస్తారు.

కవిటి, సోంపేట, మందస, వజ్రపుకొత్తూరు మండలాలలో మూత్రపిండాల జబ్బు ఎన్ని ఇళ్లను కూల్చిందో మనకు తెలుసు. దాని కొరకే 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల ఆసుపత్రి, పరిశోధనా కేంద్రం ప్రారంభమయ్యాయి. ఆ జబ్బు ఈ క్రీములవల్లే వచ్చిందని మేము అనడం లేదు. దానికి ఇదే కారణమని ఇంతవరకు తేలలేదు. అయినా ఇలాంటి చోట, తెలిసిన విషాన్ని మన చేతులతో మనమే కోడలి ముఖానికి రాయడం ఎందుకు? ఒళ్లు నొప్పులకు డాక్టరు చెప్పని మాత్రలు మింగడం కూడా అలాంటిదే.

పలాస జీడి పరిశ్రమలలో పనిచేసే సహోదరీలకు మరొక మాట. పిక్క తొక్కులోని నూనె చర్మాన్ని కాలుస్తుంది. చేతులకు తొడుగులు వేసుకోండి. లేనప్పుడు నూనె పట్టించి పని మొదలుపెట్టండి. అన్నం తినే ముందు, ముఖం తాకే ముందు సబ్బుతో కడుక్కోండి.

ఇక జుట్టు. గర్భిణికి జుట్టు ఒత్తుగా కనిపించి, కాన్పయిన మూడు నాలుగు నెలలకు దువ్వెన నిండా ఊడుతుంది. భయపడవద్దు, చాలామందికి ఏడాదిలోగా తిరిగి వస్తుంది. రక్తహీనత ఉంటే మాత్రం ఇంకా ఊడుతుంది. అందుకే నాలుగో నెలనుండి ఐరన్ మాత్ర రోజుకొకటి చొప్పున 180 రోజులు వేసుకోవాలి, కాన్పు తరువాత మరల 180 రోజులు. మాత్రతోపాటు టీ త్రాగితే ఐరన్ ఒంటికి సరిగా పట్టదు.

కొన్ని గుర్తులు మాత్రం అందానికి సంబంధించినవి కావు. ముఖం, చేతులు వాచి, తలనొప్పి, చూపు మసక ఉంటే రక్తపోటు పెరిగిందేమో చూపించాలి. ఉద్దానంలో మూత్రపిండాల పరీక్ష కూడా అడగండి. ఒంటిపై పొక్కులు లేకుండా అరచేతులు, అరికాళ్లు రాత్రివేళ విపరీతంగా దురదపెడితే అది కాలేయపు ఇబ్బంది కావచ్చు, బిడ్డకు ప్రమాదం. ఆ రోజే పలాసకో టెక్కలికో ఆసుపత్రికి తీసుకువెళ్లండి. నడవలేని స్థితి అయితే 108కి ఫోను చేయండి. ప్రతి నెల 9వ తేదీన ప్రభుత్వ ఆసుపత్రులలో గర్భిణులకు ఉచిత పరీక్షలు ఉంటాయి.

ఆ అత్తగారు మా మాట విని డబ్బా మూత బిగించింది. 9వ తేదీన ఆమే కోడలిని వెంటబెట్టుకొని వెళ్లి రక్తపోటు, మూత్రం పరీక్ష చేయించింది, డబ్బాను కూడా డాక్టరుకు చూపించింది. తరువాత మేము వెళ్లినప్పుడు కోడలు తలెత్తి మాట్లాడింది. మచ్చలు అలాగే ఉన్నాయి. ఇంట్లో వాటిని గూర్చి మాట్లాడేవారు మాత్రం లేరు. భర్తలారా, అత్తగార్లారా, ఆమెకు మీరు చేయగల మొదటి మేలు అదే.