ప్రజావసరాలకు భూసేకరణ: షరీఅత్ దృష్టి, దేశ చట్టం, మన బాధ్యత

రైతు తన పొలాన్ని తన ఇష్టంతో అమ్ముకొనడం బేరం. ప్రభుత్వం కావాలన్నపుడు ఇవ్వక తప్పకపోవడం భూసేకరణ. బేరంలో ఉభయుల సమ్మతి వుంటుంది. సేకరణలో ఒకరి సమ్మతి లేకుండానే ఆస్తి చేతులు మారుతుంది. కనుక దీనిని న్యాయమనాలా, దౌర్జన్యమనాలా అన్న ప్రశ్న ప్రతి కాలంలోనూ పుట్టింది.

నల్లగొండ, మహబూబ్‌నగర్ ప్రాంతాల వారికి ఇది పుస్తకాలకు పరిమితమైన ప్రశ్న కాదు. 2016 అక్టోబరు 11న జరిగిన పునర్విభజనలో పాత నల్లగొండ జిల్లా నుండి సూర్యాపేట, యాదాద్రి భువనగిరి జిల్లాలు, పాత మహబూబ్‌నగర్ నుండి నాగర్‌కర్నూలు, వనపర్తి, జోగులాంబ గద్వాల జిల్లాలు ఏర్పడినవి. 2019 ఫిబ్రవరి 17న నారాయణపేట జిల్లా వచ్చింది. కొత్త జిల్లా అంటే కలెక్టరేటు, పోలీసు కార్యాలయం, ఆసుపత్రి, వైద్య కళాశాల, వీటికి పోయే రోడ్లు. వనపర్తి కలెక్టరేటు 2022 మార్చిలోను, మహబూబ్‌నగర్‌ది అదే సంవత్సరం డిసెంబరులోను, నాగర్‌కర్నూలు, సూర్యాపేటలవి 2023లోను ప్రారంభమైనవి. ఇటువంటి నిర్మాణాలకు సర్కారు భూమి వున్నచోట దానితో పని జరుగుతుంది. అది చాలనిచోట పట్టాదారు చెలక మీద, లావోణి పట్టా మీద, ఒక్కొక్కపుడు వక్ఫ్ భూమి మీద దృష్టి పడుతుంది.

అందువలన మూడు సంగతులు తెలుసుకొనడం అవసరం. ఇటువంటి సేకరణను షరీఅత్ అంగీకరిస్తుందా? దేశ చట్టం భూమి యజమానికి ఇచ్చిన హక్కులేమిటి? ఆ హక్కులు మన చేయి జారకుండా మనం చేయవలసినదేమిటి?

మస్జిదె నబవీ స్థలం

దైవప్రవక్త (స) మదీనాకు వలస వచ్చిన తరువాత మస్జిదు కట్టదలచిన స్థలం సహల్, సుహైల్ అనే ఇద్దరు అనాథ బాలురది. స్థలాన్ని దైవప్రసన్నత కోసం ఉచితంగా ఇస్తామని ఆ తెగవారు ముందుకు వచ్చారు. ప్రవక్త (స) మాత్రం వెల కట్టి తీసుకొన్నారని ఉల్లేఖనాలు చెబుతున్నవి. కట్టబోయేది దైవగృహం, అడుగుతున్నవారు దైవప్రవక్త, ఆస్తి నోరులేని పిల్లలది. అయినా వెల చెల్లించవలసిందే అన్నది ఇందులోని పాఠం. పని ఎంత పవిత్రమైనా వెల ఎగవేయడానికి అది సాకు కాజాలదు. అన్యాయంగా జానెడు నేల ఆక్రమించినవారికి పరలోకంలో ఎంతటి శిక్ష వున్నదో హదీసులు తెలియజేస్తున్నవి. ఆ హెచ్చరిక పాలకులకూ వర్తిస్తుంది.

హజ్రత్ ఉమర్ (రజి) కాలంలో రెండు తీర్పులు

మదీనాలో మస్జిదు విస్తరణకు హజ్రత్ అబ్బాస్ (రజి) ఇల్లు అవసరమైంది. ఆయన ఇవ్వనన్నారు. ఖలీఫా తన అధికారాన్ని ప్రయోగించక, వివాదాన్ని హజ్రత్ ఉబై బిన్ కఅబ్ (రజి) మధ్యవర్తిత్వానికి వదిలారు. తీర్పు ఖలీఫాకు వ్యతిరేకంగా, ఇంటి యజమాని పక్షాన వచ్చింది. తన హక్కు స్థిరపడిన తరువాత హజ్రత్ అబ్బాస్ (రజి) ఆ ఇంటిని తానే ఇష్టపూర్వకంగా సమర్పించారు.

హిజ్రీ 17లో మక్కాలో మరొక విధంగా జరిగింది. కాబా చుట్టూ ఇళ్లు దగ్గరగా వచ్చి ప్రదక్షిణకు చోటు ఇరుకైంది. హజ్రత్ ఉమర్ (రజి) ఆ ఇళ్లను కొన్నారు. కొందరు అమ్మడానికి నిరాకరించగా ఇళ్లను తొలగించి, వాటి వెలను కాబా ఖజానాలో వుంచారు. వారు తరువాత ఆ సొమ్ము తీసుకొన్నారని చరిత్రకారులు వ్రాశారు.

పైకి ఈ రెండూ పరస్పర విరుద్ధంగా కనిపిస్తవి. కాని మక్కాలో అవసరం తప్పించుకోలేనిది, కాబాను మరొక చోటికి జరపడం సాధ్యం కాదు. పైగా కాబా వున్నచోటికే ఇళ్లు వచ్చినవి గాని ఇళ్ల వద్దకు కాబా రాలేదు. మదీనాలో యజమాని అభ్యంతరం విచారణకు నిలిచింది. కాబట్టి అవసరం ఎంతటిదో తేల్చడం, అభ్యంతరం వినడం, వెలను యజమాని పేర భద్రపరచడం, ఈ మూడూ ఈ సంఘటనల నుండి లభించే నియమాలు.

తరువాతి ధర్మశాస్త్రవేత్తలు దీనినే సూత్రంగా కూర్చారు. ఉస్మానియా రాజ్యంలో 1869-1876 మధ్య వెలువడిన 'మజల్లా' 1216వ నిబంధన ప్రకారం, అవసరమైనపుడు పాలకుని ఆజ్ఞపై ఒకరి ఆస్తిని వెలకు తీసుకొని బాటలో కలుపవచ్చును. అయితే వెల ముట్టేవరకు ఆస్తిని యజమాని చేతినుండి తీసివేయరాదు. 1988 ఫిబ్రవరిలో జిద్దాలో సమావేశమైన అంతర్జాతీయ ఇస్లామీ ఫిఖ్ అకాడమీ తన 29వ తీర్మానంలో నాలుగు షరతులు పెట్టింది. నిపుణులు నిర్ణయించిన న్యాయమైన పరిహారం జాప్యం లేకుండా ఇవ్వాలి. తీసుకొనేది పాలకుడు లేక అతని ప్రతినిధి అయివుండాలి. మస్జిదు, రోడ్డు, వంతెన వంటి నిజమైన ప్రజావసరం కావాలి. తీసుకొన్న ఆస్తి చివరకు లాభార్జన పెట్టుబడిగా మారరాదు. ఇందులో ఏ ఒక్కటి లోపించినా అది గసబ్, అనగా దురాక్రమణ. అనుకొన్న పనికి ఆ భూమి అవసరం లేకపోతే న్యాయమైన వెలకు తిరిగి పొందే మొదటి హక్కు పాత యజమానికి, అతని వారసులకు వుంటుంది.

మన దేశ చట్టం నడచిన దారి

నిజాం రాజ్యంలో ఫస్లీ 1309 నాటి హైదరాబాదు భూసేకరణ చట్టం అమలులో వుండేది. 1894 నాటి కేంద్ర చట్టం 1959 నాటి ఆంధ్రప్రదేశ్ సవరణతో తెలంగాణకు వర్తించింది. ఆస్తి హక్కు మొదట రాజ్యాంగంలో ప్రాథమిక హక్కుగా వుండేది. 44వ సవరణ ఆ స్థానాన్ని తొలగించగా, 1979 జూన్ 20 నుండి 300-ఎ అధికరణం క్రింద రాజ్యాంగపరమైన హక్కుగా మిగిలింది. చట్టం ఆధారం లేకుండా ఎవరి ఆస్తినీ తీసుకొనరాదన్నది దాని సారం.

పాత చట్టంలో మార్కెట్ విలువపై బలవంతపు సేకరణకు ఇచ్చే అదనపు మొత్తం, అనగా సోలేషియం, నూటికి 15 మాత్రమే. 1984 సవరణతో అది 30 అయినది. 1981లో శ్రీశైలం జలాశయం కోసం పాత మహబూబ్‌నగర్, కర్నూలు జిల్లాలలో సుమారు నూరు గ్రామాలను ఖాళీ చేయించినది పాత చట్టం కాలంలోనే. ప్రాజెక్టు నిర్వాసిత కుటుంబాలకు ఉద్యోగాలిచ్చే జీ.ఓ. 98 వెలువడినది 1986లో. ఊరు మునిగిన తరువాత హక్కు వెదుక్కొనవలసి రావడం ఎటువంటిదో కృష్ణా తీరం వారికి ఒకరు చెప్పనవసరం లేదు.

2013 నాటి కొత్త భూసేకరణ చట్టం 2014 జనవరి 1 నుండి అమలులోకి వచ్చింది. సోలేషియం నూటికి నూరు అయినది. ఉదాహరణకు, విలువను హెచ్చించే గుణకం 1గా వున్నచోట ఎకరం మార్కెట్ విలువ 10 లక్షలు, బావి, చెట్ల విలువ 2 లక్షలు అనుకొందాం. మొత్తం 12 లక్షలకు మరొక 12 లక్షలు చేర్చి 24 లక్షలు ఇవ్వాలి. గ్రామీణ ప్రాంతాలలో గుణకం 1 నుండి 2 వరకు వుండవచ్చును. ఇవిగాక మార్కెట్ విలువపై సామాజిక ప్రభావ అంచనా అధ్యయన ప్రకటన నుండి అవార్డు లేక స్వాధీనం, ఏది ముందైతే అంతవరకు ఏటా నూటికి 12 వంతున చేరుతుంది. పరిహారం పూర్తిగా చెల్లించిన తరువాతనే స్వాధీనం అన్నది 38వ సెక్షన్. 'మజల్లా' చెప్పినదీ ఇదే.

అయితే తెలంగాణ 2017లో తెచ్చిన సవరణ ప్రకారం కొన్ని రకాల పనులకు సామాజిక ప్రభావ అంచనాను మినహాయించవచ్చును. ఇష్టపడిన యజమానితో ప్రభుత్వం నేరుగా ఒప్పందం కూడా చేసికొనవచ్చును. ఒప్పంద పత్రంపై వేలిముద్ర పడితే చట్టంలోని మిగతా రక్షణలు చాలావరకు వదులుకొన్నట్లే. కాబట్టి చదివించుకొని, లెక్క కట్టించుకొని, ఆ తరువాతనే సంతకం చేయాలి.

యజమాని గుర్తుంచుకొనవలసినవి

మొదటిది గడువు. 11వ సెక్షన్ క్రింద ప్రాథమిక ప్రకటన వెలువడిన 60 రోజులలో కలెక్టరుకు వ్రాతపూర్వకంగా అభ్యంతరం ఇవ్వవచ్చును. ఇంత విస్తీర్ణం అవసరమా, ఇదే చోటు తగినదా, ఇది నిజంగా ప్రజావసరమేనా అని ప్రశ్నించే సమయం ఇదే. గోడలు లేచిన తరువాత అడిగితే వినేవారుండరు.

రెండవది సొమ్ము తీసుకొనే విధానం. మొత్తం తక్కువ అనిపిస్తే 'అభ్యంతరంతో తీసుకొంటున్నాను' అని వ్రాసి తీసుకొనాలి. ఆ మాట లేకుండా తీసుకొన్నవారికి 64వ సెక్షన్ క్రింద ఎక్కువ పరిహారం కోరే దారి మూసుకొనిపోతుంది. అవార్డు సమయంలో హాజరైనవారు ఆరు వారాలలోపల దరఖాస్తు చేయాలి. సొమ్ము నిరాకరించినా, వాటాలపై తగాదా వున్నా అది సంబంధిత అథారిటీ వద్ద డిపాజిటు అవుతుంది.

మూడవది రిజిస్ట్రేషను విలువ. పరిసరాలలో అంతకుముందు మూడేండ్లలో రిజిస్టరైన అమ్మకాలు మార్కెట్ విలువకు ఒక ఆధారం. స్టాంపు ఖర్చు తగ్గించుకొనడానికి పది లక్షల భూమిని మూడు లక్షలని వ్రాయించడం మనలోనూ వున్నది. ఆ అబద్ధం తిరిగి వచ్చి ఊరందరి పరిహారాన్ని తగ్గిస్తుంది. సాదాబైనామాతో కొన్నవారి పేరు రికార్డులోనే వుండదు. లావాదేవీని న్యాయంగా వ్రాసుకొనమన్న ఖుర్‌ఆన్ ఆదేశంలోని మేలు ఇక్కడ ప్రత్యక్షంగా కనిపిస్తుంది.

నాల్గవది వారసుల పేర్లు. తండ్రి చనిపోయి ఇరువది ఏండ్లయినా విరాసతు చేయించని కుటుంబాలు, అన్నదమ్ముల పేర్లు మాత్రమే ఎక్కించి ఆడపడుచులను వదిలివేసిన కుటుంబాలు వున్నవి. పరిహారం వచ్చిననాడు ఆ సోదరి హక్కు నోటి మాటగానే మిగులుతుంది. ప్రభుత్వం అన్యాయం చేసిందని కలెక్టరేటు ముందు నిలబడేవాడు, తన చెల్లెలి వాటా దాచుకొని నిలబడితే ఆ మాటకు బలమెక్కడిది? పరిహారంలో హక్కు చెప్పుకొనే ఎవరైనా 21వ సెక్షన్ నోటీసుకు జవాబుగా తమ క్లెయిము దాఖలు చేయవచ్చును.

లావోణి పట్టాదారులు తమకేమీ రాదని నిరాశపడనవసరం లేదు. ప్రజావసరానికి తిరిగి తీసుకొనే అసైన్డ్ భూమికి కూడా మార్కెట్ విలువతో సమానమైన పరిహారం ఇవ్వాలని 2004లో చేవెళ్ల డివిజను కేసులో ఆంధ్రప్రదేశ్ హైకోర్టు విస్తృత ధర్మాసనం తీర్పు చెప్పింది.

వక్ఫ్ భూముల సంగతి

వక్ఫ్ ఆస్తి సేకరణకు అతీతం కాదు. కాని 1995 నాటి వక్ఫ్ చట్టానికి 2013లో చేసిన సవరణ ప్రకారం బోర్డును సంప్రదించాలి, ప్రజావసరం వివాదరహితంగా వుండాలి, దాదాపు అంతే అనువైన మరొక భూమి దొరకకుండా వుండాలి, మార్కెట్ విలువ గాని తగిన బదులు భూమి గాని ఇవ్వాలి. 91వ సెక్షన్ ప్రకారం అవార్డుకు ముందు కలెక్టరు బోర్డుకు నోటీసు ఇచ్చి, బోర్డు మూడు నెలలలో హాజరయ్యేందుకు వీలుగా చర్యలు నిలిపివుంచాలి. బోర్డును వినకుండా ఇచ్చిన చెల్లింపు ఉత్తర్వును, నెలలోపల దరఖాస్తు చేస్తే, రద్దయినట్లు ప్రకటించవలసి వుండేది. 2025 సవరణ ఈ రక్షణను తగ్గించింది. ఇపుడు బోర్డు కోరిన భాగం మేరకు ఉత్తర్వు నిలుపుదల మాత్రమే అవుతుంది. కనుక ముతవల్లీల జాగరూకత ఇదివరకటికంటె ఎక్కువ కావాలి.

కాగితాలు సరిగా లేకపోతే ఏమవుతుందో మణికొండ దర్గా భూముల కేసు చూపింది. 1654 ఎకరాల పైచిలుకు భూమిని వక్ఫ్‌గా చేర్చిన 2006 నాటి సవరణ ప్రకటన నిలువదని, ఆ భూమి రాష్ట్రానిదేనని 2022 ఫిబ్రవరి 7న సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. మన పల్లెలలోని ఖబరస్తాన్, ఈద్‌గాహ్, ఆషూర్‌ఖానా భూములకు ముంతఖబ్, సేత్వార్, ఖాస్రా పహాణీ, వక్ఫ్ గెజెట్ నకళ్లు ఒకచోట వున్నవా అని ప్రతి కమిటీ ఇపుడే చూసుకొనాలి.

వక్ఫ్‌కు వచ్చిన పరిహారం ముతవల్లీ ఆదాయం కాదు. అది వక్ఫ్ మూలధనం. హనఫీ న్యాయవేత్తలు చెప్పిన ఇస్తిబ్‌దాల్ నియమం ప్రకారం దానితో మరొక ఆస్తి కొని, వాఖిఫ్ కోరిన ప్రయోజనానికే దానిని నిలుపవలెను.

ఆసుపత్రి, బడి, కార్యాలయం మనకూ కావలసినవే. వాటిని అడ్డుకొనడం మన ధర్మం కాదు. అవసరమెంతో అడగడం, వెల ముట్టనిదే స్వాధీనం కూడదనడం, మాట వినవలసినదని పట్టుబట్టడం యజమాని హక్కు. వచ్చిన వెలను సోదరికి, అనాథకు, వక్ఫ్‌కు న్యాయంగా పంచడం అతని బాధ్యత. ఈ వారమే మీ పహాణీ నకలు తీసి, అందులో ఎవరెవరి పేర్లున్నవో, ఎవరి పేరు లేదో చూడండి.