లా ఫర్మ్‌లో ఉద్యోగం ఎలా వస్తుంది? ఫైనల్ ఇయర్ దాకా ఆగితే ఆలస్యమే

వలీమా దావత్‌లో పక్కన కూర్చున్న పెద్దాయన లా చదివే పిల్లల్ని అడిగే మొదటి ప్రశ్న ఒకటే: "ఏ కోర్టులో ప్రాక్టీసు చేస్తావు బేటా?" లా అంటే నల్లకోటు, నల్లకోటు అంటే కోర్టు. మన ఇళ్లలో ఎక్కువమందికి తెలిసిన లెక్క ఇదే.

ఈ లెక్కలో లేని దారి ఇంకొకటి ఉంది. అదే లా ఫర్మ్. అక్కడ చేరాలంటే పెద్దల సిఫారసు ఉండాలని కొందరు అనుకుంటారు. మార్కులు వస్తే ఉద్యోగం దానంతటదే వస్తుందని ఇంకొందరు అనుకుంటారు. రెండూ సగం నిజాలే. పెద్ద ఫర్మ్‌లో ఉద్యోగం చాలావరకు ఇంటర్న్‌షిప్‌లోనే తేలిపోతుంది. ఐదేళ్ల కోర్సులో అది మూడో, నాలుగో సంవత్సరం నాటి మాట. ఈ సంగతి ఫైనల్ ఇయర్‌లో తెలిసేసరికి చాలా ఫర్మ్‌లు ఆ ఏడాదికి కావలసిన వాళ్లను ఎంచుకుని ఉంటాయి. అందుకే ఈ క్రమం పిల్లలతో పాటు ఇంట్లో పెద్దలకూ ముందే తెలియాలి.

లా ఫర్మ్ అంటే ఏమిటి?

వందల మంది లాయర్లు కలిసి, ఎక్కువగా కంపెనీల కోసం పనిచేసే సంస్థ ఇది. మన దేశంలో పెద్దవాటిలో సిరిల్ అమర్‌చంద్ మంగళ్‌దాస్, శార్దూల్ అమర్‌చంద్ మంగళ్‌దాస్, ఖైతాన్ అండ్ కో, ఏజెడ్‌బీ అండ్ పార్ట్‌నర్స్, ట్రైలీగల్, జేఎస్ఏ పేర్లు ఎక్కువగా వినిపిస్తాయి. మొదటి రెండూ ఒకప్పుడు ఒకటే. 1917లో మొదలైన అమర్‌చంద్ ఫర్మ్ 2015లో ఇద్దరు అన్నదమ్ముల మధ్య రెండుగా విడిపోయింది. ఖైతాన్ 1911లో కోల్‌కతాలో మొదలైంది. ఇప్పుడు ఈ ఫర్మ్‌ల పని ఎక్కువగా ముంబై, ఢిల్లీ, బెంగళూరులో ఉంటుంది. హైదరాబాద్‌లో ఆఫీసు ఉన్నవీ ఉన్నాయి.

వీళ్లు చేసే పనికి ఒక ఉదాహరణ చూద్దాం. ఒక మందుల కంపెనీని ఇంకో కంపెనీ కొంటోంది అనుకోండి. ఆ కంపెనీ భూములు ఎవరి పేరు మీద ఉన్నాయి, బ్యాంకు అప్పులు ఎన్ని, కేసులు ఏమున్నాయి, లైసెన్సులు సరిగ్గా ఉన్నాయా అని కాగితాలన్నీ తిరగేసి చూడాలి. దీన్నే డ్యూ డిలిజెన్స్ అంటారు. తర్వాత కొనుగోలు ఒప్పందం రాయాలి, అనుమతులు తెప్పించాలి. ఇవి కాక షేర్ల ఇష్యూలు, బ్యాంకు రుణాల ఒప్పందాలు, కంపెనీల తగాదాలు, పన్ను వ్యవహారాలు చూసే టీములు వేరువేరుగా ఉంటాయి. కోర్టు మెట్లు ఎక్కకుండానే ఏళ్ల తరబడి పనిచేసే లాయర్లు ఇక్కడ చాలామంది ఉంటారు.

లోపలికి వెళ్లే దారులు మూడు

మొదటిది క్యాంపస్ రిక్రూట్‌మెంట్. బెంగళూరులోని నేషనల్ లా స్కూల్, హైదరాబాద్ శామీర్‌పేటలోని నల్సార్ లాంటి ముందువరుస నేషనల్ లా యూనివర్సిటీలకు ఫర్మ్‌లు స్వయంగా వస్తాయి. నియామకాల మొదటి రోజును అక్కడ 'డే జీరో' అంటారు. అంటే కోర్సు పూర్తవడానికి ఏడాదికి పైగా ముందే. సీవీలు చూసి కొందర్ని పిలుస్తారు, ఇంటర్వ్యూలు చేస్తారు, చాలాసార్లు అదే రోజు ఆఫర్ ఇచ్చేస్తారు. ఈ ఏర్పాట్లన్నీ చూసేది విద్యార్థులే నడిపే రిక్రూట్‌మెంట్ కమిటీ.

రెండోది ప్రీ ప్లేస్‌మెంట్ ఆఫర్. అందరూ పీపీఓ అంటారు. ఇంటర్న్‌గా నెల రోజులు పనిచేసిన విద్యార్థి నచ్చితే, చదువు అయ్యాక వచ్చి చేరమని ఫర్మ్ ముందే మాట ఇస్తుంది. కొన్నిసార్లు వెంటనే ఇవ్వకుండా, మరో నెల వేరే టీములో చేయించి చూస్తుంది.

మూడోది క్యాంపస్ బయటి దారి. ఫర్మ్‌లు రాని కాలేజీల పిల్లలకు ఇదే ఆధారం. వెబ్‌సైట్‌లో దరఖాస్తు పెట్టి ఇంటర్న్‌షిప్ సంపాదించి, పనితో పేరు తెచ్చుకుని, ఖాళీ వచ్చినప్పుడు పిలుపు అందుకోవాలి. లేదంటే ముందు చిన్న ఫర్మ్‌లో ఒకటి రెండేళ్లు పనిచేసి పెద్దదానికి మారాలి. చాలామంది ఇలా వెళ్లినవాళ్లే.

ఈ మూడు దారులకూ ఇంటర్న్‌షిప్పే కీలకం. డే జీరో ఇంటర్వ్యూలో కూడా "ఇంతకుముందు ఎక్కడ చేశావు, ఏం పని చేశావు?" అనే అడుగుతారు.

సిఫారసు మాటేమిటి? తెలిసినవాళ్లు ఉంటే ఇంటర్న్‌షిప్ దొరకడం తేలిక. అది అబద్ధం కాదు. ఇంట్లో లాయరే లేని పిల్లలు అదే చోటుకు పది దరఖాస్తులు పెట్టి చేరాల్సి రావచ్చు. కానీ లోపలికి వెళ్లాక పని చూసి మార్కులు వేసేది టీములోని అసోసియేట్లు. రాత్రి తొమ్మిదింటికి తమకు సాయంగా ఉండేవాళ్లు కావాలి కాబట్టి వాళ్లు పనినే చూస్తారు.

ఆ నెల రోజుల్లో ఏం చూస్తారు?

ఇంటర్న్‌కు పెద్ద కేసులేమీ ఇవ్వరు. ఉదాహరణకు ఒక కంపెనీకి సంబంధించిన 40 లీజు పత్రాలు చేతిలో పెట్టి, పట్టిక తయారుచేయమంటారు. ఒకరు ఓనరు పేరు, అద్దె, తేదీలు ఎక్కించి ఇచ్చేస్తారు. ఇంకొకరు అంతటితో ఆగరు. ఏడాదికి మించిన గడువు ఉన్న లీజును రిజిస్టర్ చేయాలని చట్టం చెబుతుంది కదా, ఇందులో మూడు లీజులు మూడేళ్లవి, రిజిస్ట్రేషన్ మాత్రం కనిపించడం లేదని కింద ఒక వాక్యం రాస్తారు. ఫర్మ్‌కు కావలసింది ఆ రెండో మనిషి.

బ్యాంకు రుణ పత్రాలదీ అదే కథ. యాజమాన్యం మారితే బ్యాంకు అనుమతి తీసుకోవాలనే షరతు చాలా ఒప్పందాల్లో ఉంటుంది. కంపెనీని అమ్మే సమయంలో ఆ ఒక్క షరతు కంటపడకపోతే ఒప్పందం మొత్తం ఇరుక్కుంటుంది. అది వెతికి పట్టుకోవడానికి గొప్ప ఇంగ్లిష్ అక్కర్లేదు. ఓపిగ్గా చదవాలి, అంతే.

కామర్స్ చదివి లాకు వచ్చినవాళ్లకు ఇక్కడ ఒక మేలు ఉంది. బ్యాలెన్స్ షీట్ వెనకాల ఉండే నోట్స్‌లో 'కంటింజెంట్ లయబిలిటీస్' అనే భాగం ఉంటుంది. కోర్టుల్లో ఉన్న పన్ను కేసులు, ఇచ్చిన గ్యారంటీలు అక్కడ బయటపడతాయి. లెక్కలంటే భయపడే లా విద్యార్థులు ఆ పేజీని దాటేస్తారు. బీకాం చేసి మూడేళ్ల ఎల్ఎల్‌బీలో చేరినవాళ్లు తమ డిగ్రీని తక్కువ చేసుకోవాల్సిన పని లేదు.

ఇంకా చూసేవి ఇవి: ఇచ్చిన గడువులోపు పని ఇవ్వడం, అర్థం కానప్పుడు ఊహించుకోకుండా అడగడం, తప్పు చేస్తే దాచకుండా ముందే చెప్పడం. ఒక విషయంలో మాత్రం రెండో అవకాశం ఉండదు. క్లయింటు కాగితాల ఫొటో తీసి వాట్సాప్‌లో పంపినా, ఏ కంపెనీ పని చేస్తున్నామో బయట చెప్పినా అంతటితో సరి.

సీవీ, ఇంటర్వ్యూ

సీవీ ఒకటి లేదా రెండు పేజీలు దాటకూడదు. మార్కులు, ఇంటర్న్‌షిప్‌లు, రాసిన వ్యాసాలు, మూట్ కోర్టు పోటీలు అందులో ఉండాలి. "హైకోర్టు అడ్వకేట్ దగ్గర పనిచేశాను" అని వదిలేస్తే ఏమీ తెలియదు. "చెక్ బౌన్స్ కేసుల్లో రెండు నోటీసులు, ఒక కౌంటర్ రాయడంలో సాయం చేశాను" అంటే పని కనిపిస్తుంది. అక్షరదోషం ఉన్న సీవీ చాలాసార్లు అక్కడికక్కడే పక్కకు పోతుంది. ఎందుకంటే ఒప్పందాల్లో తప్పులు పట్టడమే ఆ ఉద్యోగం.

ఇంటర్వ్యూలో ప్రశ్నలు ఎక్కువగా సీవీలోంచే వస్తాయి. కాంపిటీషన్ లా అంటే ఇష్టమని రాసుకుంటే 2002 చట్టం గురించి అడుగుతారు. తర్వాత మూలసూత్రాలకు వస్తారు. మైనర్‌తో చేసుకున్న ఒప్పందం చెల్లుతుందా? (చెల్లదు, 1903లోనే ప్రీవీ కౌన్సిల్ తేల్చింది.) కంపెనీ షేర్లు కొనడానికీ, ఆస్తులు మాత్రమే కొనడానికీ తేడా ఏమిటి? 1872 నాటి కాంట్రాక్ట్ చట్టం, 2013 కంపెనీల చట్టం గట్టిగా చదివినవాళ్లు ఇక్కడ తడబడరు. తెలియని ప్రశ్నకు "తెలియదు, కానీ ఇలా వెతుకుతాను" అనడం తప్పు కాదు. కల్పించి చెబితే మాత్రం దొరికిపోతారు.

ఎక్కడ చదవాలి?

ఇంటర్ తర్వాత నేషనల్ లా యూనివర్సిటీల్లో చేరడానికి క్లాట్ రాయాలి. 120 ప్రశ్నలు, 2 గంటల సమయం. తప్పు జవాబుకు పావు మార్కు పోతుంది. పరీక్ష ఇంగ్లిష్‌లోనే ఉంటుంది. పెద్ద పేరాలు చదివి జవాబులు రాయాలి కాబట్టి, తెలుగు, ఉర్దూ మీడియం పిల్లలు పదో తరగతి నుంచే రోజూ ఇంగ్లిష్ పత్రిక చదవడం అలవాటు చేసుకోవాలి. నల్సార్‌లో తెలంగాణ స్థానికులకు, విశాఖపట్నంలోని దామోదరం సంజీవయ్య లా యూనివర్సిటీలో ఏపీ స్థానికులకు కోటా ఉంది.

ఫీజు కట్టలేని పిల్లల కోసం ఐడియా అనే సంస్థ పనిచేస్తోంది. క్లాట్ శిక్షణ ఇప్పిస్తుంది, చేరాక కూడా తోడుంటుంది. దీన్ని 2010లో స్థాపించింది కేరళకు చెందిన న్యాయ అధ్యాపకుడు షమ్నాద్ బషీర్. ఆయన 2019లో మరణించినా పని ఆగలేదు.

లాసెట్ ద్వారా మూడేళ్ల లేదా ఐదేళ్ల ఎల్ఎల్‌బీలో చేరవచ్చు. బీసీ-ఈ జాబితాలో ఉన్న ముస్లిం వర్గాలకు కన్వీనర్ కోటాలో 4 శాతం రిజర్వేషన్ వర్తిస్తుంది. సర్టిఫికెట్ కౌన్సెలింగ్ నాటికి చేతిలో ఉండాలి. ఈ కాలేజీలకు పెద్ద ఫర్మ్‌లు రావడం అరుదు. ఇక్కడ చదివేవాళ్లు మూడో దారి కోసం మొదటి ఏడాది నుంచే తయారవ్వాలి.

జీతం, పన్ను, ఖర్చు

పెద్ద ఫర్మ్‌లు కొత్తవాళ్లకు ఏడాదికి దాదాపు 15 లక్షలు, కొన్ని అంతకు మించి ఇస్తున్నట్టు పత్రికల్లో వచ్చింది. చిన్న ఫర్మ్‌ల్లో ఇందులో చాలా తక్కువ ఉంటుంది. ఇక్కడ ఒక మెలిక ఉంది. అడ్వకేట్‌గా ఎన్‌రోల్ అయినవాళ్లు పూర్తికాలపు జీతం ఉద్యోగం చేయకూడదని బార్ కౌన్సిల్ నిబంధన. అందువల్ల చాలా ఫర్మ్‌లు జీతం బదులు రిటైనర్ ఫీజు ఇస్తాయి. నెలకు లక్ష అనుకుంటే 10 శాతం టీడీఎస్ పోగా 90 వేలు ఖాతాలో పడతాయి. మామూలుగా పీఎఫ్ ఉండదు. రిటర్న్ ప్రొఫెషనల్ ఆదాయం కింద వేయాలి. ఇంటి లోన్ లెక్క వేసుకునే ముందు ఇది తెలుసుకోవాలి.

ఆదాయం కంటే ముందు ఖర్చు వస్తుంది. ముంబైలో నెల రోజుల ఇంటర్న్‌షిప్ అంటే గది అద్దె, భోజనం, లోకల్ రైలు. స్టైపెండ్ ఇచ్చే చోట్లున్నాయి, ఇవ్వనివీ ఉన్నాయి. చదువు బడ్జెట్‌లో ఫీజుతో పాటు కనీసం రెండు ఇంటర్న్‌షిప్‌ల డబ్బు పక్కన పెట్టుకోవాలి. ఇంటర్న్‌షిప్ ఇప్పిస్తామని ఎవరైనా డబ్బు అడిగితే అది మోసమని అనుకోండి. పేరున్న ఫర్మ్‌లు విద్యార్థుల దగ్గర పైసా తీసుకోవు.

అమ్మాయిని పంపాలా?

చాలా ఇళ్లలో అసలు చర్చ ఇక్కడే ఆగుతుంది. లా ఫర్మ్‌ల్లో మహిళలు పెద్ద సంఖ్యలో ఉన్నారు. ఏజెడ్‌బీని స్థాపించినవాళ్లలో ఒకరు జియా మోదీ అనే మహిళ. అయినా పనిగంటలు ఎక్కువన్నది నిజం. డీల్ ముగిసే వారంలో అర్ధరాత్రి దాటడం మామూలే. రాత్రి ఇంటికి చేరే ఏర్పాటు ఏమిటి, ఆఫీసుకు దగ్గరలో లేడీస్ హాస్టల్ ఉందా అని అబ్బా, అమ్మీ ముందే అడిగి తెలుసుకోవడం మంచిదే. మొదటిది హైదరాబాద్‌లో చేయించి, తర్వాత ముంబై సంగతి చూడొచ్చు. పూర్తిగా వద్దంటే మాత్రం, ఆపుతున్నది ఒక నెల ప్రయాణాన్ని మాత్రమే కాదు, ఉద్యోగం వచ్చే ముఖ్యమైన దారిని కూడా అని గుర్తుంచుకోవాలి.

ఏ ఏడాది ఏం చేయాలి?

మొదటి ఏడాది: జిల్లా కోర్టు, లీగల్ సర్వీసెస్ అథారిటీ, లేదా స్వచ్ఛంద సంస్థ.
రెండో ఏడాది: హైకోర్టు అడ్వకేట్ ఆఫీసు, లేదా హైదరాబాద్‌లోని కంపెనీ లా ట్రైబ్యునల్‌లో వాదించే లాయర్ దగ్గర.
మూడో ఏడాది: మధ్యస్థాయి ఫర్మ్. పెద్ద ఫర్మ్‌లకు దరఖాస్తులు అప్పుడే మొదలుపెట్టాలి, నెలల ముందు అడిగితే తప్ప చోటు దొరకదు.
నాలుగో ఏడాది: పెద్ద ఫర్మ్‌లో ఇంటర్న్‌షిప్, పీపీఓ ప్రయత్నం.
ఐదో ఏడాది: చదువు పూర్తిచేసి, ఎన్‌రోల్‌మెంట్, ఆల్ ఇండియా బార్ ఎగ్జామ్‌కు సిద్ధం కావడం.

మూడేళ్ల కోర్సువాళ్లు దీన్నే కుదించుకుని, రెండో ఏడాదికల్లా ఫర్మ్ తలుపు తట్టాలి. బార్ కౌన్సిల్ నిబంధన ప్రకారం ఐదేళ్ల కోర్సులో 20 వారాలు, మూడేళ్ల కోర్సులో 12 వారాల ఇంటర్న్‌షిప్ ఎలాగూ తప్పనిసరి. ఆ వారాల్ని సర్టిఫికెట్ కోసం గడిపేయడమా, పని నేర్చుకోవడమా అన్నదే తేడా తెస్తుంది.

ఫర్మ్ రాకపోతే చదువు వృథా అయినట్టు కాదు. కోర్టు ప్రాక్టీసు, జడ్జి పరీక్షలు, కంపెనీల లీగల్ విభాగాలు ఉన్నాయి. కానీ ఫర్మ్ కావాలనుకునే పిల్లలు ఇంట్లో ఉంటే, ఈసారి దావత్‌లో అడగాల్సిన ప్రశ్న వేరే: "ఈ సెలవుల్లో ఇంటర్న్‌షిప్ ఎక్కడ బేటా?"