చేతికి గడియారం, గుండెకు కాపలా: స్మార్ట్‌వాచీ ఏం చూడగలదు?



పోయిన రంజాన్‌లో ఒక రాత్రి మా వీధిలో ఒక పెద్దాయనకు తరావీహ్ నమాజ్ నుంచి వచ్చాక ఛాతీ బరువెక్కింది. చెమటలు పట్టాయి. జెద్దాలో పనిచేసే కొడుకు పంపిన స్మార్ట్‌వాచీ ఆయన చేతికి ఉంది. కొడుకు వీడియో కాల్‌లో అడిగాడు: "అబ్బా, వాచీలో ఎంత చూపిస్తోంది?" "78 బేటా, నార్మలే." గ్యాస్ అయి ఉంటుందనుకుని సెహ్రీ దాకా ఆగారు. ఆసుపత్రికి చేరేసరికి గుండెపోటు వచ్చి గంటలు గడిచిపోయాయి. అల్లాహ్ దయవల్ల ప్రాణం దక్కింది. కానీ గుండె కండరం కొంత దెబ్బతింది. ఇప్పుడు ఆయన మసీదు మెట్లు ఆగి ఆగి ఎక్కుతున్నారు.

వాచీ తప్పు చూపలేదు. నాడి నిజంగానే 78 ఉంది. నాడి బాగుంటే గుండె బాగున్నట్టే అనుకోవడమే పొరపాటు. గల్ఫ్ నుంచి, అమెరికా నుంచి పిల్లలు అమ్మీ అబ్బాలకు ఈ వాచీలు పంపుతున్నారు. అందుకే ఈ నాలుగు మాటలు రాస్తున్నాం.

నాడిని ఎలా చూస్తుంది?

చీకటి గదిలో టార్చి మీద వేళ్లు ఆనించండి. వేళ్లు ఎర్రగా వెలుగుతాయి. రక్తం ఎరుపు కాంతిని చాలావరకు వదిలేసి, ఆకుపచ్చ కాంతిని బాగా పీల్చుకుంటుంది. బడిలో పిల్లలకు మేము చూపే ఈ సంగతి మీదనే వాచీ పనిచేస్తుంది. దాని అడుగున ఉన్న ఆకుపచ్చ దీపం చర్మంలోకి వెలుగు పంపుతుంది. గుండె కొట్టుకున్నప్పుడల్లా మణికట్టులో రక్తం పెరిగి, తిరిగొచ్చే వెలుగు తగ్గుతుంది. ఆ హెచ్చుతగ్గులను లెక్కపెట్టి నిమిషానికి ఇన్ని అని చూపిస్తుంది. విశ్రాంతిగా ఉన్న పెద్దవాళ్లకు ఇది మామూలుగా 60 నుంచి 100 దాకా ఉంటుంది.

కొన్ని ఖరీదైన వాచీల్లో ఈసీజీ కూడా ఉంటుంది. 2018లో ఆపిల్ వాచ్ సిరీస్ 4తో ఇది బాగా ప్రచారంలోకి వచ్చింది. రెండో చేతి వేలిని 30 సెకన్లు వాచీకి ఆనిస్తే గుండె విద్యుత్తును గీతగా గీస్తుంది. ఆసుపత్రి ఈసీజీ గుండెను 12 కోణాల నుంచి చూస్తుంది. వాచీ చూసేది ఒక్క కోణమే.

ఎక్కడ మేలు చేస్తుంది?

గుండె పై గదులు లయ తప్పి వణకడాన్ని ఏట్రియల్ ఫిబ్రిలేషన్ అంటారు. అప్పుడు రక్తం నిలిచి గడ్డకట్టవచ్చు. ఆ గడ్డ మెదడుకు చేరితే పక్షవాతం. ఈ జబ్బు ఉన్నవారికి పక్షవాతం ముప్పు సుమారు 5 రెట్లు ఎక్కువ. ఇది వచ్చి పోతూ ఉంటుంది, చాలామందికి తెలియను కూడా తెలియదు. డాక్టరు చూసిన పది నిమిషాల్లో దొరకనిది, రోజంతా చేతికుండే వాచీకి దొరకవచ్చు.

అమెరికాలో 4,19,297 మందితో చేసిన ఆపిల్ హార్ట్ స్టడీ ఫలితాలు 2019లో అచ్చయ్యాయి. నాడి లయ తప్పిందని వాచీ హెచ్చరించింది వారిలో సుమారు 0.5 శాతం మందినే. ఆ హెచ్చరిక అందుకుని, ఆ తర్వాత ఛాతీకి ఈసీజీ పట్టీ అంటించుకుని పరీక్షకు ఇచ్చిన 450 మందిలో 34 శాతం మందికి ఈ జబ్బు కనిపించింది. కాబట్టి హెచ్చరిక వస్తే హడలిపోనక్కర్లేదు, కొట్టిపారేయనూ కూడదు. ఆ గీతను ఫోన్‌లో దాచి డాక్టరుకు చూపించాలి.

ఎక్కడ పనికిరాదు?

గుండెపోటు అంటే గుండెకు రక్తం తెచ్చే నాళం మూసుకుపోవడం. ఆ సమయంలో నాడి మామూలుగానే ఉండవచ్చు. తమ వాచీ గుండెపోటును పసిగట్టలేదని ఆపిల్ కంపెనీయే రాసి ఇస్తుంది. ఛాతీ పట్టేసినా, నొప్పి చేతికో దవడకో పాకినా, చెమటలతో ఆయాసం వచ్చినా వాచీ వైపు చూడకండి, 108కు ఫోన్ చేయండి. ఆడవాళ్లకు, షుగర్ ఉన్నవాళ్లకు ఛాతీ నొప్పి లేకుండా ఆయాసం, వికారం, విపరీతమైన నీరసంగానే రావచ్చు.

బీపీ చూపే కొన్ని వాచీలను చేతి పట్టీ యంత్రంతో ఎప్పటికప్పుడు సరిచూసుకోవాలి. శామ్‌సంగ్ వాచీకైతే 28 రోజులకొకసారి. వాచీ అంకె చూసి బీపీ మాత్ర మానకండి, పెంచకండి. సూది గుచ్చకుండా షుగర్ చెబుతామనే వాచీలను నమ్మవద్దని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2024 ఫిబ్రవరిలో హెచ్చరించింది.

ఎలా పెట్టుకోవాలి?

మణికట్టు ఎముకకు వేలెడు పైన, జారకుండా, బిగుసుకోకుండా పెట్టుకోవాలి. వుజూ చేశాక చేయి, బెల్టు తుడుచుకున్నాకే మళ్లీ పెట్టుకోవాలి. తడి ఉంటే అంకెలు తప్పవచ్చు, చర్మమూ దురద పెట్టవచ్చు. ఐదు నిమిషాలు కదలకుండా కూర్చుని చూసిన అంకెనే లెక్కలోకి తీసుకోండి.

దాతలకు ఒక మనవి

ఈసీజీ ఉన్న ఒక్క వాచీ ధరకు చేతి పట్టీ బీపీ యంత్రాలు చాలానే వస్తాయి. పక్షవాతానికి, గుండెపోటుకు పెద్ద కారణం అధిక రక్తపోటే. మన బస్తీల్లో అది ఉందని తెలియకుండా తిరిగేవారు ఎందరో. అబ్బాజాన్‌కు వాచీ కొనే స్తోమత అల్లాహ్ ఇస్తే తప్పకుండా కొనండి. దానితోపాటు ఆయన పేరున ఒక బీపీ యంత్రం సదఖాగా మీ మసీదు దగ్గరో, మహిళల తాలీమ్ జరిగే ఇంట్లోనో పెట్టించండి. వారానికొకసారి చూసి పుస్తకంలో రాసేందుకు చదువుకున్న పిల్లనొకరిని కుదర్చండి. ఆ పుస్తకంలో ఎక్కువగా కనిపించిన ఒక్క అంకె ఒక కుటుంబాన్ని నిలబెట్టవచ్చు, ఇన్షా అల్లాహ్.