పఠనవైకల్యము - తెలుగు లిపి - మన పరీక్షలు

ఎం.ఏ. తరగతిలో ఛందస్సు బోధించుచుండగా మాకు పరిచితుడైన విద్యార్థి యొకడు పద్యము చెవినిబడిన మాత్రమున గణవిభజన చేసి, యతి తప్పిన చోటును చూపగలవాడు. అతని జవాబు పత్రములో మాత్రము ఒత్తులు లోపించెను, గుణింతములు తారుమారయ్యెను. అయిదు ప్రశ్నలకు గాను మూడింటికే సమాధానములున్నవి. మేము అంచున 'అజాగ్రత్త' అని వ్రాసి మార్కులు తగ్గించితిమి. అతనికి డిస్లెక్సియా యను పఠనవైకల్యము కలదని తరువాత తెలిసినది. ఈ వ్యాసమునకు ప్రేరణ మదియే.

డిస్లెక్సియా యను పేరు 1880 దశకములో జర్మను నేత్రవైద్యుడు రుడాల్ఫ్ బెర్లిన్ పెట్టినది. 1896లో ప్రింగిల్ మోర్గన్ అను ఆంగ్లవైద్యుడు, తెలివితేటలకు లోటులేకయు చదువ నేర్వలేకపోయిన పదునాలుగేండ్ల బాలుని వృత్తాంతమును ప్రకటించెను. ఇది దృష్టిదోషము కాదు, బుద్ధిమాంద్యము కాదు. ధ్వనిని లిపితో జతపరచు పని మెదడులో సులభముగా సాగకపోవుటయే దీని ప్రధాన లక్షణము. 1990 దశకము చివర ప్రచారమునకు వచ్చిన 'నాడీవైవిధ్యము' అను భావన దీనితోపాటు వ్రాతకు సంబంధించిన డిస్‌గ్రాఫియాను, ఆటిజమును, ఏకాగ్రతాలోపమును కలుపుకొనును. అంతమాత్రమున వీని నన్నింటిని ఒకే గాటన కట్టరాదు. మన శాఖకు అక్షరమే జీవనాధారము గనుక పఠనవైకల్యమును గూర్చియే యిచట విస్తరింతుము.

తెలుగు పలికినట్లే వ్రాయబడును, కావున ఈ చిక్కు ఆంగ్లమునకే గాని మనకు లేదని కొందరందురు. ఇందు సగమే సత్యము. ధ్వనికిని లిపికిని పొందిక గల భాషలలో పఠనవైకల్యము తప్పులరూపమున కంటె మందగతి రూపమున ఎక్కువగా బయటపడును. విద్యార్థి తప్పు చదువడు, ఆలస్యముగా చదువును. అట్టివానిని మనము సోమరి యందుము. పైగా మన లిపిలో నేర్వవలసిన రూపములు తక్కువ కావు. 35 హల్లులకు 12 చొప్పున గుణింతరూపములు లెక్కించినను 420 అగును, ఒత్తులు వేరు. తకార, నకార, మకార, యకార, లకారముల ఒత్తులు మూలాక్షరమును పోలియుండవు. క్రావడి పలుకుటలో హల్లునకు తరువాతిది, వ్రాతలో ఎడమవైపునుండి చుట్టుకొని వచ్చును. మన లిపికి సోదరియైన కన్నడలిపి విషయమున సొనాలి నాగ్ 2007లో ప్రకటించిన పరిశోధనము, అక్షరసముదాయమంతయు పట్టుపడుటకు బాలురకు పెక్కేండ్లు పట్టునని చూపినది. ఇక అరసున్నను నేడెవ్వరును పలుకరు. శకటరేఫమును సాధురేఫమును వేరుచేసి పలుకువా రరుదు. వీనిని మనమందరము కంటితోనే నేర్చితిమి. చెవితో నేర్చువానికి ఇచట ఆధారమేమి?

కావ్యపాఠమున చిక్కు మరింత పెరుగును. ముద్రిత పద్యములో సంధులచే పదముల సరిహద్దులు చెరగిపోవును, పాదాంతమున పదము రెండుగా విరుగును. దీర్ఘసమాసము నడుమ ఊపిరి తీయుటకు చోటుండదు. తరగతిలో హఠాత్తుగా "లేచి చదువుము" అన్నచో పఠనవైకల్యముగలవాడు నలుగురిలో నవ్వులపాలగును. పద్యమును వారము ముందు సూచించి, పదచ్ఛేదముతో పెద్ద అక్షరములలో ప్రతి నిచ్చినచో అతడే దానికి చక్కని వ్యాఖ్య చెప్పగలడు. ఇది క్రొత్త రాయితీ యనుకొనరాదు. ప్రతిపదార్థము వ్రాసిన మన వ్యాఖ్యాతలు చేసిన పని యిదియే గదా! దానిని అసమర్థులకు పెట్టిన భిక్ష యని ఎవరును అనలేదు.

చట్టము మనకంటె ముందు నడచినది. 1995 నాటి వికలాంగుల చట్టములో పఠనవైకల్యమునకు గాని ఆటిజమునకు గాని స్థానము లేకుండెను. 2016 నాటి చట్టము తన 21 వైకల్యములలో ఈ రెండింటిని చేర్చినది. 2018లో కేంద్రప్రభుత్వము వెలువరించిన మార్గదర్శకసూత్రములు అర్హులకు పరీక్షలో గంటకు 20 నిమిషములకు తక్కువ కాకుండ అదనపు కాలమును, లేఖకుని సహాయమును నిర్దేశించినవి. 2021 ఫిబ్రవరిలో వికాస్ కుమార్ వ్యాజ్యమున సుప్రీంకోర్టు, నలువది శాతము వైకల్యము లేదను కారణమున లేఖకుని నిరాకరించుట తగదని తీర్పు చెప్పినది. ఏకాగ్రతాలోపము మాత్రము ఆ 21లో పేరుతో లేదు. అట్టివారికి ధ్రువపత్రము దొరకుట కష్టము. ఉపాధ్యాయుని ఆదరణకు ధ్రువపత్ర మక్కరలేదని మా అభిప్రాయము.

ఇక మూల్యాంకనము. అక్షరదోషములన్నింటిని ఉపేక్షింపుమని మేము చెప్పము. గ్రంథపరిష్కరణ పత్రములో శకార షకారముల భేదమే పరీక్షావిషయము, అచట సడలింపు కూడదు. కాని తిక్కన పాత్రపోషణమును గూర్చిన వ్యాసములో ఒత్తు జారినంతనే విమర్శ తప్పు కానేరదు. మనము కొలుచుచున్నది పాండిత్యమునా, చేతివ్రాత వేగమునా యని ప్రతి పత్రమునకు వేరువేరుగా నిర్ణయించుకొనవలెను. అవధాని చేత కలము పట్టకయే పద్యము చెప్పును, వ్రాసికొనువారు వేరు. ఆయన పాండిత్యమును శంకించువాడు లేడు. అదే పద్ధతి విద్యార్థి కోరినచో మనకు అనుమానము పుట్టును.

అవధానములో అప్రస్తుతప్రసంగ మొక్కరికే అప్పగింతురు. ఏకాగ్రతాలోపముగల విద్యార్థికి తిరుగుచున్న పంకాయు, వరండాలోని అడుగుల చప్పుడును అప్రస్తుతప్రసంగములే. అతనిని వేరు గదిలో కూర్చుండబెట్టి పరీక్ష వ్రాయించుటకు వ్యయము స్వల్పము. ఆటిజముగల విద్యార్థికి మన ప్రశ్నలే అడ్డుగోడలు. 'తిక్కన నాటకీయత' అని రెండు మాటలు వేసి ఊరకుందుము. నిర్వచింపవలెనా, ఉదాహరింపవలెనా, ఎన్ని పుటలు వ్రాయవలెనో చెప్పము. "నాటకీయతకు రెండు ఘట్టములు తీసికొని, ప్రతిదానిలో సంభాషణ ప్రయోజనమును వివరింపుము" అని వేసినచో అతనికే గాక తరగతి కంతకును మేలగును. మా ప్రశ్నలను ఇట్లు తిరిగి వ్రాయ మొదలిడినప్పుడు కొన్నింటిలో మేము అడుగదలచినదేమో మాకే స్పష్టముగా లేదని తెలిసివచ్చినది.

మొదట చెప్పిన విద్యార్థి మరుసటి పరీక్షకు లేఖకుని కోరెను. తెలుగు చదివినవాడు లేఖకుడుగా పనికిరాడని మొదట అభ్యంతరము వచ్చినది. తెలుగు చదువనివానికి 'ఉత్పలమాల' వ్రాయుట రాదు. తుదకు చరిత్రశాఖ విద్యార్థి యొకడు దొరకెను. గణవిభజన ప్రశ్నకు గురులఘువుల గుర్తులను ఎచట నుంచవలెనో ఇతడు చెప్పుచుండగా అతడు ఉంచెను. నాలుగు గంటలలో అయిదు ప్రశ్నలకును సమాధానములు పూర్తియైనవి.