ఒట్టు వేశాక... ఆ మూడు రోజులు!

ఆదివారం వస్తే అరసవల్లి కిటకిటలాడుతుంది. ఆరోగ్యమిచ్చే దేవుడు సూర్యనారాయణస్వామి అని ఉత్తరాంధ్ర నమ్మకం. తాగుడు మానేస్తానని దేవుడి ముందు ఒట్టు వేయించడం మన ఇళ్లలో మామూలే. ఒట్టు మంచిదే. అసలు పరీక్ష మాత్రం ఆ తర్వాతి మూడు రోజులు.

ఏళ్ల తరబడి రోజూ తాగిన మనిషి ఒక్కసారిగా ఆపేస్తే కొన్ని గంటల్లోనే చేతులు వణుకుతాయి, చెమటలు పడతాయి, నిద్ర పట్టదు. మొదటి రెండు రోజుల్లో మూర్ఛ రావచ్చు. ఆ తర్వాత మతి తప్పి, లేనివి కనిపిస్తున్నాయని కేకలు వేయొచ్చు. గాలి సోకిందని భూతవైద్యుడి కోసం పరుగెత్తకండి. అది ప్రాణాపాయం. వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లాలి.

అందుకే, మానడానికి ముందే డాక్టరుకు చూపించండి. వణుకు, మూర్ఛ రాకుండా మందులు, బి1 విటమిను ఇస్తారు. తాగుడు మాన్పించే మందును ఆయనకు తెలియకుండా కూరలో కలపకండి. ఆపై తాగితే ప్రాణం మీదకు రావచ్చు. సలహా కావాలంటే 14446కు ఉచితంగా ఫోన్ చేయొచ్చు.

1992లో నెల్లూరు జిల్లా దూబగుంట మహిళలు సారాపై తిరగబడ్డారు. 1993 అక్టోబరు 1న రాష్ట్రమంతటా సారా నిషేధం వచ్చింది. 1995లో వచ్చిన సంపూర్ణ మద్యనిషేధం మాత్రం 1997లో సడలిపోయింది. దుకాణం మూయించడం ఊరి పని. మానిన మనిషిని నిలబెట్టడం ఇంటి పని.

మళ్లీ తాగాడా? ఒట్టు తప్పాడని దెప్పకండి. మళ్లీ డాక్టరు దగ్గరకు తీసుకెళ్లండి.