కాపలా లేని పరీక్ష



పరీక్ష అనగానే మనకు ముందు గుర్తొచ్చేది ప్రశ్నపత్రం కాదు, స్క్వాడ్. గేటు దగ్గర జేబులు తడమడం, హాల్లో ఇన్విజిలేటర్ చూపు, బయట పోలీసు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో మాల్ ప్రాక్టీస్ మీద 1997లో ప్రత్యేకంగా చట్టమే వచ్చింది. పదో తరగతి నుంచి పీజీ దాకా మేము ఈ కాపలాలోనే రాశాం. అందుకే, కాపలా లేకుండా పరీక్షలు పెట్టి, తప్పు చేస్తే విద్యార్థులే విచారించుకునే కాలేజీ ఉందని చదివినప్పుడు మొదట నమ్మలేదు.

అమెరికాలో ఫిలడెల్ఫియాకు దగ్గర్లో ఉన్న హేవర్‌ఫర్డ్ కాలేజీ అది. 1833లో క్వేకర్లు అనే క్రైస్తవ శాఖవారు స్థాపించారు. విద్యార్థులు పధ్నాలుగు వందల చిల్లర, అంతే. అక్కడి ‘ఆనర్ కోడ్’ 1897 నాటిది. సెమిస్టర్ చివరి పరీక్షల్లో చాలావాటికి విద్యార్థి తనకు వీలైన పూట ఎంచుకుని, కవరులో పేపరు తీసుకుని, ఎవరూ చూడని చోట రాసి తెచ్చి ఇస్తాడు. మూడు గంటలంటే మూడు గంటలే. గడియారం చూసుకోవాల్సింది కూడా తనే. రాసినవాడు రాయనివాడితో పేపరు కష్టమో తేలికో కూడా అనకూడదు. మన హాస్టల్ వరండాలో ఈ ఒక్క నియమం ఎన్ని నిమిషాలు నిలుస్తుందో మీరే ఊహించుకోండి!

మాకు అన్నిటికంటే కష్టమనిపించింది ఇంకొకటి. తోటి విద్యార్థి కాపీ కొట్టాడని అనుమానం వస్తే నేరుగా లెక్చరర్ దగ్గరికి పరుగెత్తడం అక్కడి పద్ధతి కాదు. ముందు అతని దగ్గరికే వెళ్ళి, ‘నేను ఇలా చూశాను, నువ్వేమంటావు?’ అని అడగాలి. అనుమానం తీరకపోతే, నీ అంతట నువ్వే వెళ్ళి ఆనర్ కౌన్సిల్‌కు చెప్పుకో అనాలి. అతను వెళ్ళకపోతేనే మనం చెప్పాలి. మన దగ్గర ఉన్న దారులు రెండే: చూసీ చూడనట్టు ఊరుకోవడం, లేదా చాటున చెప్పడం. ముఖాముఖి అడగడమనే మూడో దారి మనకెవరూ నేర్పలేదు. రూమ్మేట్‌ను అలా అడిగి, ఆ రాత్రి అదే గదిలో పడుకోవడానికి ఎంత గుండె కావాలి!

కౌన్సిల్ సభ్యులు విద్యార్థులే. విచారణ జరిపే జ్యూరీలోనూ విద్యార్థులే ఉంటారు. తప్పు ఒప్పుకునేలా చేయడం, అతనికి తెలియజెప్పడం, తెగిన నమ్మకాన్ని మళ్ళీ కలపడం వారి లక్ష్యాలు. తర్వాత అసలు పేర్లు తీసేసి, మారుపేర్లతో కేసు సారాంశం రాసి కాలేజీ అందరి ముందూ పెడతారు. ఏ తప్పుకు ఏం జరిగిందో అందరికీ తెలుస్తుంది, ఎవరిదో మాత్రం బయటపడదు.

ఈ కోడ్‌ను విద్యార్థులు ఏటా ఓటు వేసి మళ్ళీ ఆమోదించాలి. 2018లో ఓట్లు చాలక మొదట నెగ్గలేదు. విద్యార్థులే మళ్ళీ సభ పెట్టించి, మార్పులు చేసి నిలబెట్టుకున్నారు. తాతల నాటి నియమమని ఎవరూ మోయడం లేదన్నమాట.

అన్ని చోట్లా ఇంత మెత్తగా ఉండదు. వర్జీనియా విశ్వవిద్యాలయంలో 1840లో ముసుగు వేసుకున్న విద్యార్థి ఒకడు ప్రొఫెసర్‌ను కాల్చి చంపాడు. ఆ తర్వాత 1842లో అక్కడ ఆనర్ పద్ధతి మొదలైంది. అప్పటి విద్యార్థుల్లో ఎక్కువమంది బానిసలను ఏలిన తెల్ల భూస్వాముల కొడుకులు. ‘పరువు’ అంటే వాళ్ళ పరువే. మొదటి నల్లజాతి విద్యార్థి అక్కడ అడుగుపెట్టింది 1950లో. శిక్ష చాలాకాలం ఒక్కటే, శాశ్వత బహిష్కరణ. 2022లో విద్యార్థులే ఓటు వేసి దాన్ని తీసేశారు.

ఇంట్లో మొదటి డిగ్రీ మనదే అయినవాళ్ళకు ఈ తేడా పెద్దది. ఆస్తిపరుడి కొడుకును బహిష్కరిస్తే ఇంకో కాలేజీలో చేరతాడు. మనలో ఒకడు పోతే అతని వెనకున్న తమ్ముడి చదువూ అక్కడే ఆగుతుంది. విచారించేవాళ్ళు తోటివాళ్ళే అయినా, మొదటి అనుమానం ఎవరి మీద పడుతుందన్న ప్రశ్న మిగిలే ఉంటుంది. కోడ్ మంచిదా కాదా అనేముందు మేము అడిగేది అదే.

యూనివర్సిటీ పరీక్షలు మన చేతిలో లేవు. రీడింగ్ రూమ్ ఉంది. పోటీ పరీక్షల పుస్తకాల్లో పేజీలు చిరిగిపోతున్నాయని ఇప్పుడు బీరువాకు తాళం పడింది. నియమాలు విద్యార్థులే రాసి, ఏటా ఓటు వేసే షరతు మీద ఆ తాళంచెవి ఒక్క సెమిస్టర్ మాకిమ్మని పీజీ విద్యార్థులం వార్డెన్ గారిని అడగబోతున్నాం. ముసాయిదా నోటీసు బోర్డులో పెడతాం. కొట్టివేతలు, చేర్పులు పెన్నుతోనే చేయండి.