విశ్రాంత జీవనానికి చలి తక్కువ పల్లె: కొండ మీదనా, కనుమ దిగువనా?

హోసూరు, దేన్కనికోట, తళి ప్రాంతాలలో ఉద్యోగం ముగించుకొన్న పెద్దలకు మార్గశిర, పుష్య మాసాలు వచ్చిన సంగతి పంచాంగం కంటే ముందుగా మోకాళ్ళే చెబుతాయి. 1970లలో హోసూరులో సిప్కాట్ పారిశ్రామికవాడ ఏర్పడిన తరువాత ఉపాధి కోసం ఈ పీఠభూమికి ఎక్కివచ్చిన కుటుంబాలు అనేకం. వారిలో మొదటి తరం వారు చాలామంది నేడు విశ్రాంత జీవనంలో ఉన్నారు. ఉపాధ్యాయులు, తపాలా ఉద్యోగులు, పట్టు రైతులు కూడా ఆ వయస్సుకు చేరుకొన్నారు. చేతికందిన సొమ్ముతో ఒక పల్లెలో రెండు గదుల ఇల్లు, పెరట్లో నాలుగు కొబ్బరి చెట్లు, చలి బాధ లేని ఉదయాలు కావాలన్నది వారి కోరిక. దానికోసం సముద్రతీరం దాకా పోనక్కరలేదు. మన జిల్లాలోనే, హోసూరు నుండి సుమారు ఒక గంట ప్రయాణంలో, అటువంటి పల్లెలు ఉన్నాయి. అయితే చలి తగ్గిన చోట మరేది పెరుగుతుందో తెలుసుకొని దిగడం మంచిది.

చలికి మొదటి కారణం ఎత్తు. ఎత్తు వెయ్యి మీటర్లు పెరిగితే గాలి వేడిమి సగటున ఆరున్నర డిగ్రీలు తగ్గుతుందని బడిలో భూగోళ పాఠంలో చెబుతాము. హోసూరు సముద్రమట్టానికి సుమారు 880 మీటర్ల ఎత్తున ఉన్నది. తళి అంతకంటే ఎత్తు. ఆ చల్లదనాన్ని చూచి తెల్లదొరలు తళిని చిట్టి ఇంగ్లండు అనేవారని ఇప్పటికీ చెప్పుకొంటారు. శూలగిరి దాటి మేలుమలై కనుమ దిగితే కృష్ణగిరి పట్టణం 500 మీటర్లకు కొంచెం పైన మాత్రమే ఉన్నది. అంటే కేవలం ఎత్తు చేతనే రెండు డిగ్రీలకు పైగా తేడా. కావేరిపట్నం, ఊత్తంగరై వైపు ఇంకా పల్లం, ఇంకా వెచ్చన. రెండు డిగ్రీలు ఏపాటి అనిపించవచ్చు. తెల్లవారుజామున నాలుగు గంటలకు లేచి పెరట్లోకి వెళ్ళే డెబ్బై ఏళ్ళ వ్యక్తికి అది చిన్న తేడా కాదు. మన పొరుగున, దాదాపు ఇదే ఎత్తున ఉన్న బెంగళూరులో 1884 జనవరి 13న 7.8 డిగ్రీలు నమోదైనది. అంతటి చలి అరుదే గాని, జనవరిలో ఆకాశం నిర్మలంగా ఉన్న రాత్రులు ఇక్కడ కఠినంగానే ఉంటాయి. ఈశాన్య ఋతుపవనాలు సాగినంత కాలం మబ్బులు దుప్పటి వలె భూమి వేడిని పట్టి ఉంచుతాయి. అవి తొలగిన తరువాతే అసలు చలి మొదలవుతుంది.

ఎత్తు ఒక్కటే చూచి ఊరు ఎంచుకొంటే చాలదు. ఒకే ఊరిలో రెండు వీధులకు మధ్య చలిలో తేడా ఉంటుంది. రాత్రి చల్లబడిన గాలి బరువెక్కి, నీటి వలెనే పల్లానికి జారుతుంది. చెరువు వెనుక పొలాలు, వంక పక్క స్థలాలు, గుట్టల నడుమ గిన్నె వంటి లోయలు ఆ చల్లని గాలికి తొట్లు. మంచు మొదట అక్కడే కమ్ముతుంది, చివరకు అక్కడి నుండే తొలగుతుంది. గుట్ట శిఖరాన గాలి విసురు ఎక్కువ. ఈ రెంటికీ నడుమ, వాలు మీద ఉన్న మెట్ట నేల రాత్రివేళ అన్నింటికంటె వెచ్చగా ఉంటుంది. మన పూర్వులు పల్లంలో వరి పెట్టి, ఊరిని మెట్ట మీద కట్టుకొన్నారు. నేడు అమ్మకానికి పెట్టే చౌక స్థలాలలో పల్లపు నేలలు కూడా ఉంటాయి.

పైర్లను చూచి కూడా చలిని అంచనా వేయవచ్చునని నా అభిప్రాయం. గులాబీ తోటలు, క్యాబేజీ, బీన్సు కళకళలాడే చోట శీతాకాలం గట్టిదే. మామిడి తోపులు ఎకరాల కొద్దీ కనిపించే చోట, అంటే కృష్ణగిరి, బర్గూరు, కావేరిపట్నం చుట్టుపక్కల, శీతాకాలం మెత్తన, వేసవి మాత్రం తీవ్రం. తోతాపురి కాయకు రుచి తెచ్చే ఎండ ముసలి శరీరాన్ని కూడా కాలుస్తుంది.

చలి పెద్దలకు చేసే హాని ఒళ్ళు నొప్పులతో ఆగదు. చలికి రక్తనాళాలు కుంచించుకొని రక్తపోటు పెరుగుతుంది. గుండెపోట్లు శీతాకాలంలో ఎక్కువగా రావడానికి ఇది ఒక ముఖ్య కారణం. ఉబ్బసం ఉన్నవారికి మంచు, రాగి నూర్పిళ్ళ దుమ్ము కలిసి వస్తే ఊపిరి ఆడదు. మరొక ప్రమాదం కుంపటి. తలుపులు, కిటికీలు బిగించి గదిలో బొగ్గుల కుంపటి పెట్టుకొని నిద్రించరాదు. దాని నుండి వెలువడే కార్బన్ మోనాక్సైడుకు వాసన లేదు, నిద్రలోనే ప్రాణం తీస్తుంది.

పై ప్రాంతంలో మరొక ఇబ్బంది ఏనుగులు. రాగి కోతకు వచ్చే కాలంలో, అక్టోబరు మొదలు, బన్నేరుఘట్ట అడవుల వైపు నుండి ఏనుగుల గుంపులు జవళగిరి, తళి, దేన్కనికోట అడవుల మీదుగా హోసూరు చుట్టుపక్కల దాకా వస్తాయి. చలి ముదిరే నెలలూ అవే. చీకటితోనే నడకకు బయలుదేరే అలవాటున్న పెద్దలు అడవి అంచు పల్లెలో ఇల్లు కొనే ముందు ఈ విషయం ఆలోచించాలి.

ఇక కనుమ దిగిన తరువాతి సంగతి. ఏప్రిల్, మే నెలలలో కృష్ణగిరిలో ఎండ 40 డిగ్రీల దరిదాపులకు పోతుంది. వయస్సు మీరిన వారికి దాహం సరిగా తెలియదు. రక్తపోటుకు మూత్రం ఎక్కువగా పోయే మాత్రలు వాడేవారికి ఒంట్లో నీరు, ఉప్పు త్వరగా తగ్గిపోతాయి. అయినా ఎండకు చెట్టు నీడ, మట్టి కుండ, మధ్యాహ్నం ఇల్లు కదలకపోవడం అనే ఉపాయాలు ఉన్నాయి. నీటి దోషం అటువంటిది కాదు.

ఈ మాట కొంత వివరంగా చెప్పవలసి ఉన్నది. ధర్మపురి, కృష్ణగిరి జిల్లాలలో చాలా చోట్ల బోరు నీటిలో ఫ్లోరైడు ఎక్కువ. ఇక్కడి రాతి పొరల నుండే అది నీటిలో కలుస్తుంది. లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటిన నీటిని ఏళ్ళ తరబడి త్రాగితే ఎముకలు, కీళ్ళు బిగుసుకొంటాయి. మెడ తిరగదు, నడుము వంగదు. ఈ నొప్పులను చలి నొప్పులనీ, వాతమనీ పొరబడడం సులభం. అనగా, మోకాళ్ళ నొప్పి తగ్గుతుందని కొండ దిగిన వ్యక్తి అక్కడి బోరు నీటితో అదే నొప్పిని మరింత తెచ్చుకొనే అవకాశం ఉన్నది. ఈ బాధను తగ్గించడానికే కావేరి నీటిని రెండు జిల్లాలకు అందించే హొగెనకల్ ఉమ్మడి తాగునీటి పథకాన్ని జపాను రుణ సహాయంతో చేపట్టి, 2013లో ప్రారంభించారు. మీరు చూచిన పల్లెకు ఆ కుళాయి నీరు వస్తున్నదా, ఎన్నాళ్ళకొకసారి వస్తున్నది, రానినాడు ఊరివారు ఏ నీరు త్రాగుతున్నారు అని అడగండి. అమ్మేవారిని గాక బిందెలతో నిలబడిన ఆడవారిని అడగండి. ఆ ఊరి బడి పిల్లల పళ్ళు కూడా చూడండి. ముందు పళ్ళ మీద అడ్డంగా పసుపు, గోధుమ రంగు చారలు చాలామందిలో కనిపిస్తే నీటిని అనుమానించాలి. తరువాత ఒక సీసాలో బోరు నీటిని పట్టి ట్వాడ్ బోర్డు వారి జిల్లా ప్రయోగశాలలో పరీక్ష చేయించాలి. కాచి త్రాగితే సరిపోతుందనే నమ్మకం మనలో ఉన్నది. కాచితే క్రిములు చస్తాయి గాని ఫ్లోరైడు పోదు. నీరు ఆవిరైన కొద్దీ దాని పాలు పెరుగుతుంది. ఆర్.ఓ. యంత్రం తగ్గిస్తుంది.

వైద్య సౌకర్యం విషయంలో దిగువ ప్రాంతం మునుపటి వలె వెనుకబడి లేదు. కృష్ణగిరి దగ్గర పోలుపల్లిలోని ప్రభుత్వ వైద్య కళాశాల 2022 జనవరిలో ప్రారంభమైనది. హోసూరు వారికి బెంగళూరు 40 కిలోమీటర్ల లోపే గనుక పెద్ద రోగాలకు అటు పోతారు. అంచెట్టి వంటి మారుమూల ప్రాంతాలకు మాత్రం రాత్రివేళ గుండెనొప్పి వస్తే దూరమే శత్రువు.

వేపనపల్లి, బేరికె వైపు వారు చాలామంది బంధువులున్న కుప్పం వైపు చూస్తారు. ఎత్తులో అది హోసూరుకూ కృష్ణగిరికీ నడుమ ఉన్నది, చలి కూడా అట్లే. వైద్య కళాశాల ఆసుపత్రి, రైలు ఉన్నాయి. కాగితాలన్నీ తెలుగులో ఉంటాయి, అది చిన్న సుఖం కాదు. కాని రాష్ట్రం మారితే వృద్ధాప్య పింఛను, రాష్ట్ర ప్రభుత్వ వైద్య బీమా వంటివి వెంట రావు. కొత్త చిరునామాతో అక్కడి అర్హతలు మళ్ళీ చూచుకోవాలి. 70 ఏళ్ళు నిండిన వారందరికీ 2024 అక్టోబరు నుండి వర్తింపజేసిన కేంద్ర ఆయుష్మాన్ పథకం ఇటువంటివారికి కొంత ఊరట.

కొండ దిగడానికి మనస్సు రానివారు, పిల్లలు హోసూరులోనే ఉన్నవారు, ఇంటిని సరిచేసుకొన్నా చలి చాలావరకు తగ్గుతుంది. మన ప్రాంతంలో డిసెంబరు, జనవరి నెలలలో సూర్యుడు దక్షిణానికి ఒరిగి నడుస్తాడు, చలిగాలి ఈశాన్యం నుండి వీస్తుంది. కనుక దక్షిణాన తెరిచిన వసారా పగలంతా ఎండ పట్టుతుంది. వాస్తు పేరిట ఈశాన్యానికే పెద్ద తలుపు పెట్టించుకొనేవారు, కనీసం పెద్దలు పడుకొనే గదికైనా ఆ దిక్కు కిటికీని రాత్రి మూసి ఉంచాలి. రేకుల కప్పు రాత్రి త్వరగా చల్లారిపోతుంది, పగలు కాలుతుంది. దాని క్రింద పెద్దల మంచం వేయరాదు. స్నానాల గది ఇంటిలోపలే ఉండాలి.

ఎక్కడ నచ్చినా వెంటనే కొనవద్దు. ఉన్న ఇంటిని అమ్మకుండా, ఎంచుకొన్న పల్లెలో పుష్యమాసంలో పదిహేను రోజులు, మళ్ళీ వైశాఖంలో పదిహేను రోజులు అద్దెకు ఉండి చూడండి. దంపతులిద్దరూ ఉండాలి. భర్తకు నచ్చిన ఊరిలో భార్యకు పలకరించే మనిషి లేకపోతే ఆ వెచ్చదనం దేనికి? తరువాతే పత్రాలు. కొనబోయే సర్వే నంబరుకు పట్టా, చిట్టా, వెనుకటి ముప్పై ఏళ్ళ ఈసీ తీయించాలి. పల్లపు స్థలమైతే అది ఏరి పోరంబోకు కాదని గ్రామ పరిపాలనాధికారి వద్ద అడంగల్‌లో చూడాలి. పత్రాలు తమిళంలో ఉంటాయి గనుక చదవడం రానివారు అమ్మేవారి మనిషితో గాక, తమ పిల్లలలో తమిళం చదివినవారితో ప్రతి పంక్తీ చదివించుకొని, ఆ తరువాతే బయానా ఇవ్వాలి.